పాత రివాల్వర్ పిడి చెక్కలు: ఎంచుకోవడం నుంచి మెరుగు పెట్టడం దాకా

2024లో ఒడిశాలో అసెంబ్లీకీ లోక్‌సభకీ ఎన్నికలు ఒకేసారి వచ్చాయి. లైసెన్సు ఉన్న ఆయుధాలు ఎప్పటిలాగే స్టేషన్‌లో అప్పజెప్పాం. జూన్ 4న ఫలితాలు వచ్చాయి. రివాల్వర్లు తిరిగి చేతికొచ్చేసరికి వానలు మొదలయ్యాయి. ఆ నెలంతా నాకు ఒకటే ఫోన్లు. "పిడి తెల్లగా పొంగింది", "బూజు పట్టింది", "చేత్తో పట్టుకుంటే జిగురుగా ఉంది", "సాండ్ పేపర్ కొట్టేయమంటారా?"

పర్లాకిమిడిలో నాది ఫర్నిచర్ పాలిష్ షాపు. ఆయుధాల రిపేరు లైసెన్సు నాకు లేదు. అందుకే ఎవరి పిడీ షాపులో పెట్టుకోను. మా నాన్నగారి నుంచి నా లైసెన్సు మీదికి వచ్చిన .32 రివాల్వర్ ఒకటుంది. దాని మీద చేసిన తప్పులు, దిద్దుకున్న తీరు చెప్తూ వచ్చాను. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి ఇప్పుడు వరసగా రాస్తున్నాను.

సాండ్ పేపర్ ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను: వద్దు. పదింట్లో ఆరు పిడులకు శుభ్రం చేసి, ఒక చెయ్యి, అంటే ఒక పూత, నూనె పట్టిస్తే చాలు. చెక్క ఒక్కసారి అరిగిందంటే ఇనుముకూ దానికీ మధ్య అంచు పోతుంది. ఆ అంచును ఏ పాలిషూ తిరిగి తేలేదు.

1. చెయ్యి పెట్టే ముందు

ఇది లైసెన్సుదారు తన ఇంట్లో, తన చేత్తో చేసుకునే పని. రివాల్వర్‌ని వడ్రంగి దగ్గరకు తీసుకెళ్లకండి. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం "ఆయుధం" అనే మాటలోకి విడిభాగాలు కూడా వస్తాయి. ఇనుము జోలికి పోవాల్సిన రిపేరు ఏదైనా లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరే చేయించాలి.

- సిలిండర్ తెరవండి. తూటాలన్నీ తీసి వేరే గదిలో పెట్టి తలుపు వేయండి.
- సిలిండర్‌లో తూటా కూర్చునే ప్రతి గదిలోనూ చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. కళ్లతో చూస్తే సరిపోదు.
- పిల్లలు స్కూలుకు వెళ్లిన సమయం చూసుకోండి.
- పిడి చెక్కలు విప్పాక రివాల్వర్‌ని బీరువాలో పెట్టి తాళం వేయండి. మిగతా రోజుల పనంతా చెక్కల మీదే.
- ఇనుము మీదున్న నంబరు, ముద్రలను రుద్దకండి, గీకకండి. వాటిని చెరపడం నేరం.

2. మీ చేతిలో ఉన్నది చెక్కేనా?

నవ్వకండి. నల్లగా, గీతలతో ఉన్న ప్రతి పిడీ చెక్క కాదు. బ్రిటిష్ రివాల్వర్ వెబ్లీ ఆరో మార్కు పిడులు వల్కనైట్‌వి, అంటే గట్టిపరిచిన రబ్బరు. ఎండకి గోధుమ రంగుకు తిరుగుతాయి. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే గంధకం వాసన వస్తుంది. బేకలైట్ అనే పాతకాలపు గట్టి ప్లాస్టిక్‌వీ ఉన్నాయి. వీటికి అవిసె నూనె, స్పిరిట్, ఇస్త్రీపెట్టె ఏవీ పనికిరావు. తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, అంతే.

కొమ్ము పిడి అయితే మా ఊళ్లో గుర్తుపట్టని వాళ్లుండరు, కొమ్ము పని ఇక్కడి వృత్తే కదా. దంతం పిడి అని ఎవరైనా అమ్మజూపితే మాత్రం ముట్టుకోకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద దాని వ్యాపారం నిషిద్ధం.

చెక్క అని తేల్చుకోవడానికి లోపలి వైపు చూడాలి. అక్కడ పాలిష్ ఉండదు, నార కనిపిస్తుంది.

3. పాత జత కొనాలనుకుంటే

ఉన్నవి విరిగాయనో, ఎవరో ప్లాస్టిక్‌వి తగిలించారనో పాత జత వెతికేవాళ్లుంటారు. లైసెన్సు ఉన్న డీలర్ ద్వారానే కొనండి, బిల్లు అడగండి. విదేశాల నుంచి తెప్పించాలనుకుంటే డబ్బు కట్టకముందే లైసెన్సింగ్ అధికారిని రాతపూర్వకంగా అడగండి.

మొదట చూడాల్సింది కొలత, అందం తర్వాత. అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లలో జె, కె, ఎన్ అని ఫ్రేములు, అంటే ఇనుప చట్రం సైజులు, ఉంటాయి. ఒకదాని చెక్కలు ఇంకోదానికి పట్టవు. ఒకే ఫ్రేములో కూడా పిడి అడుగు గుండ్రంగా ఉండేవి, చదరంగా ఉండేవి వేరు. ఇంకో కంపెనీ కోల్ట్ చెక్కలు స్మిత్‌కి రావు. "కాస్త అరగదీస్తే సరిపోతుంది" అని అమ్మేవాడు చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

తర్వాత లోపలి వైపు. పాత స్మిత్ అండ్ వెస్సన్‌లలో కుడి చెక్క లోపల రివాల్వర్ నంబరు పెన్సిల్‌తో రాసో, గుద్దో ఉంటుంది. ఆ నంబరు కలిస్తే ఆ జత ఆ రివాల్వర్‌తోనే పుట్టిందని అర్థం. స్క్రూ చుట్టూ పట్టు కోసం చెక్కే గళ్ల గీతలు లేకుండా వజ్రం ఆకారం వదిలిన చెక్కలయితే 1968కి ముందువి. ఆ ఏడాది కంపెనీ ఆ వజ్రాన్ని మానేసింది.

ఎవరైనా ముందే సాండ్ పేపర్ కొట్టారా అన్నది ముద్రబిళ్ల, అంటే చెక్కలో పొదిగిన కంపెనీ గుర్తు బిళ్ల, చెప్పేస్తుంది. బిళ్ల చెక్కతో సమంగా ఉండాలి. బిళ్ల పైకి లేచి వేలికి తగులుతోందంటే చుట్టూ చెక్క తరిగిపోయిందన్నమాట.

చేతిలో పట్టుకుని ఇవి చూడండి:

- రెండు చెక్కలనూ అద్దం ముక్క మీద లోపలి వైపు కిందికి పెట్టండి. ఊగితే వంకర తిరిగినట్టే.
- స్క్రూ కన్ను చుట్టూ, కింద పిన్ను దూరే బెజ్జం చుట్టూ జుట్టంత పగులు ఉందా? టార్చి పక్క నుంచి వేసి చూడండి.
- అడుగు మూలలు చిట్లాయా? కింద పడిన రివాల్వర్‌కి ముందు దెబ్బ తగిలేది అక్కడే.
- రెండు చెక్కల రంగు, నార ఒకలాగే ఉన్నాయా?
- గీతల పని ఉంటే, మొనలు సగమైనా మిగిలాయా?

చెక్క జాతి గురించి ఒక మాట. విదేశీ పాత పిడులు ఎక్కువగా అక్రోటు (వాల్‌నట్) కర్రవి. మన దగ్గర తర్వాత చేయించినవి జిట్టేగి (రోజ్‌వుడ్), టేకు, అప్పుడప్పుడు ఏగిస (వేగి చెట్టు కర్ర). జిట్టేగి బరువుగా, ఊదా నలుపు చారలతో ఉంటుంది. టేకును వాసనే పట్టిస్తుంది. ఏగిసైతే జాగ్రత్త, తడి తగిలితే రంగు దిగుతుంది. ఏగిస పిడిని తడిగుడ్డతో రుద్ది, గుడ్డ పచ్చగా అయ్యేసరికి "పాడైపోయింది బాబో" అని అర్ధరాత్రి ఫోన్ చేసినవాళ్లున్నారు. పాడవలేదు, దాని గుణమే అది.

4. సామాను

పెయింట్ల దుకాణంలోనూ కిరాణా కొట్లోనూ అన్నీ దొరికేవే.

- స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్. అన్నిటికన్నా ముఖ్యం ఇదే
- మెత్తని టూత్‌బ్రష్‌లు రెండు, పాత కాటన్ బనియను గుడ్డ
- డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే కాచిన అవిసె నూనె, చిన్న డబ్బా
- టర్పెంటైన్, స్పిరిట్, కొద్దిగా థిన్నర్, కొద్దిగా ఎసిటోన్
- సుద్దపొడి
- 320, 400, 600 నంబరు సాండ్ పేపర్లు, ఒక్కో షీటు చాలు
- నాలుగు సున్నాల (0000) స్టీల్ ఊల్, అంటే బాగా సన్నటి ఉక్కు పీచు
- రబ్బరు తొడుగులు, మాస్కు

మాస్కు ఎందుకంటే, కాల్చిన రివాల్వర్ పిడి మీద సీసం మసి ఉంటుంది. జిట్టేగి, టేకు పొడి కొందరికి తుమ్ములూ దద్దుర్లూ తెప్పిస్తుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగే అన్నం దగ్గర కూర్చోండి.

పచ్చి అవిసె నూనె కొనకండి. అది ఆరడానికి రోజులు కాదు, వారాలు పడుతుంది.

5. విప్పడం

ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది, అదీ రెండు నిమిషాల్లో. అందుకే ఇక్కడ కాస్త నిదానంగా.

రివాల్వర్‌ని మడిచిన తువ్వాలు మీద, స్క్రూ తల పైకి వచ్చేలా పడుకోబెట్టండి. స్క్రూడ్రైవర్ కొన గాడిలో అటూ ఇటూ ఊగకుండా నిండుగా కూర్చోవాలి. సన్నగా ఉంటే జారి చెక్క మీద గీత పడుతుంది. నా .32 ఎడమ చెక్క మీద ఆవగింజ పొడవున అలాంటి గీత ఇప్పటికీ ఉంది. వంటింటి డ్రాయర్లో దొరికిన స్క్రూడ్రైవర్ పుణ్యం.

స్క్రూ కదలకపోతే బలం పెట్టకండి. అగ్గిపుల్ల కొనతో ఒక్క చుక్క తుపాకీ నూనె గాడి పక్కన వేసి రాత్రంతా వదిలేయండి.

ఇప్పుడు అసలు కిటుకు. స్క్రూని పూర్తిగా తీయకండి. మూడు నాలుగు చుట్లు వదులు చేసి ఆగండి. తర్వాత స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో స్క్రూ తల మీద మెల్లగా తట్టండి. స్క్రూ అవతలి చెక్కలోని మరలో ఇంకా పట్టి ఉంది కాబట్టి ఆ చెక్కను అదే బయటికి నెడుతుంది. అది ఊడాక స్క్రూ తీసేసి, ఇవతలి చెక్కను లోపలి నుంచి వేలితో నెట్టండి.

చాకు మొన దూర్చి పైకి లేపడం మాత్రం వద్దు. పిన్ను బెజ్జం దగ్గర చెక్క పల్చగా ఉంటుంది, అక్కడే చీలుతుంది.

ఇంకో హెచ్చరిక. స్మిత్ అండ్ వెస్సన్‌లలో పిడి ముందు అంచున, కింది వైపు ఒక చిన్న స్క్రూ కనిపిస్తుంది. అది చెక్కలది కాదు, మెయిన్ స్ప్రింగ్‌ది. అది వదులైతే సుత్తి దెబ్బ బలహీనపడి తూటా పేలకుండా పోతుంది. దాన్ని తిప్పకండి. లోపలి యంత్రాన్ని కప్పే పక్క పలక తెరవాలన్న సరదా కూడా మానుకోండి.

విప్పగానే రెండు చెక్కల లోపలి వైపూ ఫోన్‌తో ఫొటో తీయండి. నంబరు, పెన్సిల్ రాత ఏమున్నా భద్రంగా ఉంటుంది. చెక్క కింద ఇనుము మీద ఎర్రగా తుప్పు మొదలై ఉంటే నూనె గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడవండి. నూనె కారేలా వదిలితే రేపు అది చెక్కలోకే వెళ్తుంది.

6. ముందు కడిగి చూడండి

గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు. టూత్‌బ్రష్ ముంచి, విదిలించి, నార వెంబడి తోమండి. చెక్కను నీళ్లలో ముంచకూడదు. ఒక్కో చెక్కకు రెండు నిమిషాలు మించకుండా తోమి, తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడవండి. నీడలో, ఫ్యాను కింద కాకుండా ఒక పూట ఆరనివ్వండి. ఫ్యాను గాలికి ఒక పక్కే ముందు ఆరి చెక్క వంగుతుంది.

నల్లగా ఉన్నదంతా పాలిష్ కాదని అప్పుడు తెలుస్తుంది. చేతి చెమట, మసి, పాత తుపాకీ నూనె కలిసిన మడ్డి అది.

రాయగడలో మా మావయ్యది కాన్పూర్ తయారీ రివాల్వర్. పక్కన కూర్చుని చేయించాను. ఒక చెక్క తోమి రెండోది తోమకుండా పక్కపక్కన పెడితే ఆయన చాలాసేపు చూసి, "ఏటల్లుడూ, ఇన్నాళ్లూ నేను పట్టుకున్నది మట్టినా?" అన్నారు. ఆయన పిడికి ఆ తర్వాత ఒక్క చెయ్యి నూనె తప్ప ఇంకేమీ చేయలేదు.

ఆరాక చూసుకోండి. పాలిష్ అక్కడక్కడా మందగించినా పొరగా లేవకపోతే, 7 నుంచి 11 దాకా వదిలేసి నేరుగా 12కి వెళ్లండి.

7. పాత పాలిష్ ఏమిటో కనిపెట్టడం

కనిపించని మూలలో, ఇనుము కిందకు పోయే అంచు దగ్గర, దూది పుల్లతో పరీక్షించండి.

- స్పిరిట్ చుక్కకు జిగురుగా మెత్తబడితే అది లక్క పాలిష్. తేమకి తెల్లగా పొంగేది ఎక్కువగా ఇదే.
- స్పిరిట్‌కి లొంగక థిన్నర్‌కి కరిగితే లాకర్ (lacquer) అనే పాలిష్.
- రెంటికీ కదలకపోతే వార్నిష్ లాంటిది ఏదో.
- ఏ పొరా లేక చెక్క కాస్త నల్లబడితే అది నూనె పనే. తీయడానికి ఏమీ లేదు.

లక్క పాలిష్ తెల్లబడితే వెంటనే గీకేయకండి. గుడ్డ ఉండ మీద చాలా కొద్దిగా స్పిరిట్ వేసుకుని, ఊపిరి తగిలినంత తేలిగ్గా పైన ఒకసారి పోనివ్వండి. లోపల చిక్కిన తేమ బయటికి పోయి తెలుపు మాయమవుతుంది. రెండుసార్లు చేసినా పోకపోతే అప్పుడు తీయాలి.

తీయడం ఇలా. కరిగించే ద్రవంలో తడిపిన గుడ్డను చెక్క మీద అయిదు నిమిషాలు కప్పి ఉంచండి. మెత్తబడ్డాక ప్లాస్టిక్ కార్డు అంచుతో నార వెంబడి తోయండి. గీతల్లో టూత్‌బ్రష్. మొండి వార్నిష్‌కి మాత్రమే పెయింట్ రిమూవర్ వాడండి, అదీ ఆరుబయట, తొడుగులు వేసుకుని. ముద్రబిళ్ల మీద పడనివ్వకండి.

8. నూనె తాగిన చెక్క

ఏళ్ల తరబడి రివాల్వర్‌కి నూనె కుమ్మరించి నిలబెట్టి దాచిన వాళ్ల పిడి పై భాగం మసిబారినట్టు ఉంటుంది. అది తుడిస్తే పోదు, లోపల ఉంది.

సుద్దపొడిలో ఎసిటోన్ పోసి దోసెపిండిలా కలపండి. చెక్క లోపలి వైపు, నల్లబడిన చోట అర అంగుళం మందాన పట్టించండి. ఆరి తెల్లగా అయ్యాక దులిపేయండి. సుద్ద పసుపు పచ్చగా మారి ఉంటుంది, ఆ పసుపే మీ నూనె. మూడు నాలుగుసార్లు చేయాల్సి రావచ్చు. సుద్ద తెల్లగానే రాలిన రోజున ఆపండి. ఎసిటోన్‌కి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. వంటింట్లో వద్దు, దేవుడి దీపం ఉన్న గదిలోనూ వద్దు.

స్క్రూ కన్ను చుట్టూ నీలి నలుపు మచ్చ ఉంటే అది నూనె కాదు, తుప్పు చెక్కతో కలిసి పడిన మరక. కప్పు వేడి నీళ్లలో రెండు చిన్న చెంచాల ఆక్సాలిక్ యాసిడ్ కలిపి, బ్రష్‌తో ఆ చోటు మాత్రమే తడపండి. పావుగంట తర్వాత తడిగుడ్డతో మూడుసార్లు తుడవండి. అది విషం. తొడుగులు లేకుండా ముట్టుకోకండి, కలిపిన కప్పు పారేయండి.

9. సొట్టలు, పగుళ్లు

సొట్ట అంటే నార నొక్కుకుపోవడం, తెగిపోవడం కాదు. దానికి ఆవిరి చాలు. నాలుగు మడతల తడిగుడ్డ సొట్ట మీద వేసి, ఇస్త్రీపెట్టె ముక్కుతో రెండు మూడు సెకన్లు తాకించండి. బుస్సుమనగానే తీసేయండి. మళ్లీ తడపండి, మళ్లీ తాకించండి. అయిదారుసార్లకు సొట్ట పైకి వస్తుంది. పాత పాలిష్ పొర ఉండగా ఇది పనిచేయదు, ఆవిరి లోపలికి వెళ్లదు.

తెగిన గాటు ఆవిరికి లేవదు. చిన్నదైతే వదిలేయండి. వయసున్న వస్తువు మీద ఒక గాటు ఉంటే తప్పేం లేదు.

పగులుకు ముందు ఎసిటోన్‌లో ముంచిన సన్న బ్రష్‌తో నూనె కడగాలి, లేకపోతే ఏ జిగురూ పట్టదు. జుట్టంత పగులుకు పల్చటి సూపర్ గ్లూ లోపలి వైపు నుంచి ఒక్క చుక్క. అది దానంతటదే పగులు వెంబడి పాకుతుంది. ముక్క పూర్తిగా విడిపోతే రెండు ట్యూబుల ఎపాక్సీ రాసి, సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టి ఒక రోజు వదిలేయండి. కారిన జిగురును అప్పుడే స్పిరిట్ గుడ్డతో తుడవాలి. తర్వాత చూద్దాం అనుకుంటే గీకాల్సి వస్తుంది.

10. సాండ్ పేపర్ తప్పదనుకుంటే

- 320 కన్నా గరుకుది వాడకండి.
- నునుపు భాగంలోనే, నార వెంబడే.
- ఇనుముకు ఆనే అంచుకు రెండు మిల్లీమీటర్ల ఇవతలే ఆగండి. ఆ అంచును స్టీల్ ఊల్‌తో తాకితే చాలు.
- లోపలి వైపు ఒక్కసారి కూడా వద్దు. అక్కడ చెక్క పోతే బిగువు పోతుంది, పెన్సిల్ నంబరూ పోతుంది.
- ముద్రబిళ్ల మీద, గీతల మీద టేపు అతికించండి.
- పేపర్ని వేలితో పట్టకుండా రబ్బరు ముక్కకు చుట్టండి. వేలైతే గుంటలు పడతాయి.

320 అయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. నూగు లేస్తుంది. దాన్ని 400తో కోసేయండి. మళ్లీ తడపండి, ఈసారి 600. ఈ తడపడం మానేస్తే మొదటి చెయ్యి నూనెకే చెక్క గడ్డం పెరిగినట్టు గరుకెక్కుతుంది.

11. గీతల పని

చెకరింగ్ అనే ఈ గళ్ల గీతల్లో మడ్డి పేరుకుంటే, టర్పెంటైన్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో రెండు వైపుల గీతల వెంబడీ తోమండి. ఇత్తడి బ్రష్ మొనలను తినేస్తుంది. స్టీల్ ఊల్ పోగులు గీతల్లో ఇరుక్కుని తర్వాత తుప్పు చుక్కలవుతాయి.

అరిగిన గీతను లోతు చేయాలంటే 60 డిగ్రీల మూడంచుల సన్న ఆకురాయితో, ఉన్న గాడిలోనే, ఒక్కో గీత వెంబడి నాలుగైదు సార్లు. గాడి అసలే కనిపించకపోతే కొత్తగా గీయబోకండి. అది వేరే విద్య. వంకర గీతలకన్నా అరిగిన గీతలే అందం.

12. నూనె పట్టించడం

రంగు వేయాలా అని అడుగుతారు. నేను వేయను. అక్రోటుకీ జిట్టేగికీ నూనే రంగు తెస్తుంది. ఒక చెక్క పాతది, ఒకటి కొత్తది అయి తేడా కొట్టొచ్చినట్టు ఉంటేనే లేత చెక్కకు కొద్దిగా స్పిరిట్ స్టెయిన్.

మొదటి చెయ్యికి నూనె సగం, టర్పెంటైన్ సగం. బనియను గుడ్డతో చెక్క అంతా తడిసేలా రాయండి. లోపలి వైపూ రాయాలి, లేదంటే తేమ అటు నుంచి దూరుతుంది. పెన్సిల్ రాత ఉన్న చోట మాత్రం రుద్దకుండా అద్దండి. పావుగంట ఆగి, మిగిలిన నూనె ఆనవాలు లేకుండా తుడిచేయండి. పిన్ను బెజ్జంలో, స్క్రూ కంట్లో నిలిచిన నూనెను దూది పుల్లతో తీయండి. ఒక రోజు ఆరనివ్వండి.

రెండో చెయ్యి నుంచి టర్పెంటైన్ వద్దు. వేలి కొనకి అంటిన నూనె ఒక చెక్కకు చాలు. చుక్క వేసి అరచేతితో రుద్దండి. చెక్క వెచ్చబడాలి, అరచేయి జారడం మానాలి. ఇది నాకు మా వీధి చివర కొమ్ము పని చేసే పెద్దాయన నేర్పాడు. ఆయన మెషీను మీద ఎంత మెరుపు తెచ్చినా చివరికి కొమ్ముతో చేసిన కొంగ బొమ్మను ఒళ్లో పెట్టుకుని అరచేతితో పావుగంట రుద్దుతాడు. "సెయ్యి వేడెక్కితే తెలుస్తాది బాబూ, ఎక్కడ పట్టలేదో" అంటాడు. నిజమే. నూనె పట్టని చోట అరచేయి పట్టేస్తుంది.

పూతకీ పూతకీ మధ్య ఎండాకాలంలో ఒక రోజు. మా వైపు జులై, ఆగస్టుల్లో మూడు రోజులకు కూడా ఆరదు. పాత అట్టపెట్టెలో 40 వాట్ల పాత రకం బల్బు వేలాడదీసి, దానికి అడుగు దూరంలో చెక్కలను నిలబెడతాను. పెట్టెలో చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి, కాలకూడదు. దాన్ని గమనించే మనిషి ఇంట్లో ఉన్నప్పుడే వెలిగించండి.

ముక్కుకు నూనె వాసన తగలకుండా, వేలు అంటుకోకుండా ఉంటే తర్వాతి చెయ్యి వేయొచ్చు. నాలుగు చేతులకు మంచి మెరుగొస్తుంది, ఆరు వేస్తే లోతు కనిపిస్తుంది. గీతల పని మీద రెండుకు మించొద్దు, గాడులు పూడిపోతాయి.

నూనె గుడ్డల సంగతి విడిగా చెప్పాలి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండచుట్టి మూలన పడేసిన గుడ్డ ఏ నిప్పూ లేకుండా దానంతటదే అంటుకుంటుంది. నా షాపులో ఒకసారి చెత్తబుట్ట లోంచి పొగ చూశాక నేను ఏ గుడ్డనూ నమ్మను. వాడిన ప్రతి గుడ్డనూ నీళ్ల బకెట్లో ముంచండి, లేదా ఆరుబయట మడత లేకుండా పరిచి ఆరబెట్టండి.

చివరి చెయ్యి బాగా ఆరాక మైనం. కొండ మీద నుంచి సవరలు సంతకి తెచ్చే తేనె మైనం నేను వాడతాను. ఒక వంతు మైనం గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడి నీళ్లలో పెట్టి కరిగించండి. స్టవ్ ఆపి, గిన్నెను గది బయటికి తెచ్చాకే మూడు వంతుల టర్పెంటైన్ కలపండి. చల్లారితే వెన్నలా గడ్డకడుతుంది. గోటికి అంటినంత రాసి, పది నిమిషాలాగి తుడిచేయండి.

13. బిగించడం

నూనె పని అయ్యాక కనీసం వారం ఆగండి. ఇనుము పిడిని పొడిగా తుడవండి. పిన్ను బెజ్జంలో కూర్చుందని చూసుకున్నాకే స్క్రూ వేయండి. మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. అలా తిరక్కపోతే మర అడ్డంగా పడుతోందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. చెక్కలు కదలడం ఆగగానే ఆపండి. "ఇంకో పావు చుట్టు" అన్న ఆశతోనే స్క్రూ కన్ను దగ్గర పగుళ్లు పుడతాయి.

14. తేడా వస్తే

- ఆరకుండా జిగురుగా ఉంది: నూనె ఎక్కువైంది. టర్పెంటైన్‌లో తడిపిన స్టీల్ ఊల్‌తో పై పొర తీసి, తుడిచి, రెండు రోజులు ఆగండి. గీతల మీదైతే ఊల్ బదులు బ్రష్. దాని మీదే ఇంకో చెయ్యి వేస్తే జన్మలో ఆరదు.
- మచ్చలు మచ్చలుగా మెరుస్తోంది: నూనె ఇంకని చోట పాత పాలిష్ మిగిలింది. ఆ చోటు స్పిరిట్, థిన్నర్ పరీక్ష మళ్లీ చేయండి.
- ఒక చెక్క ముదురు, ఒకటి లేత: లేత చెక్కకు ఇంకో రెండు చేతులు నూనె వేయండి. ముదురుదాన్ని సాండ్ పేపర్‌తో తేల్చబోకండి.
- బిగిస్తే అంచు దగ్గర సందు: చెక్క తేమకు వంగింది. పొడి గదిలో పది రోజులు ఉంచి మళ్లీ చూడండి. స్క్రూతో లాగి మూయకండి.
- చెక్క వదులుగా ఊగుతోంది: పిన్ను బెజ్జం పెద్దదైంది. బెజ్జం లోపలి గోడకు సూపర్ గ్లూ పల్చగా పూసి పూర్తిగా ఆరనివ్వండి. చాలకపోతే ఇంకో పూత. తడిగా ఉండగా బిగిస్తే చెక్క ఇనుముకు అతుక్కుంటుంది.

15. వానాకాలం, మళ్లీ ఎన్నికలు

తోలు ఒరలో పెట్టి బీరువాలో దాచకండి. తోలు తేమ పీలుస్తుంది. ఇనుముకు తుప్పు, చెక్కకు బూజు. గాలి చొరని ప్లాస్టిక్ కవరు కూడా అంతే. కాటన్ గుడ్డలో చుట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాం పెట్టి, రెండు వారాలకోసారి తీసి చూడండి. తుపాకీ నూనె రాసేటప్పుడు గుడ్డకు రాసి, గుడ్డతో ఇనుమును తుడవండి. నిలబెట్టి దాచాల్సి వస్తే పిడి పైకి ఉంచండి, నూనె దిగినా చెక్క వైపు రాదు.

డిపాజిట్ చేయాల్సి వస్తే ముందురోజు మైనం ఒక చెయ్యి రాసి తుడవండి. నాలుగు వైపులా ఫొటో తీసి, తారీఖు కనిపించే ఆ రోజు పేపరు పక్కన పెట్టండి. రసీదులో నంబరు సరిగ్గా రాశారో లేదో అక్కడే నిలబడి చదవండి. తిరిగి తీసుకునేటప్పుడు పిడి మీద బూజు కనిపిస్తే కంగారుపడి బట్టతో గట్టిగా రుద్దకండి. ఇంటికి తెచ్చి, సిలిండర్ తెరిచి ఖాళీ అని చూసుకుని, చెక్కలు విప్పి, ఆరో అంకె దగ్గర మొదలుపెట్టండి.